మూడో పలక మీద గుంటలు

పలక మీద గుంటలు పడడం ఆగిపోయిన నాటి నుంచి మేస్త్రికి మనసు మనసులో లేదు. ఇంకొకరైతే పలక మార్చే పని తప్పిందని సంతోషించేవారు. ఆయన మాత్రం ఆట అయిపోయి జనం వెళ్ళిపోయాక, విప్పిన రింగు పక్కన గొంతుక్కూర్చుని ఆ పలకను అరచేత్తో పదే పదే తడిమేవాడు. నున్నగా తగిలేది.

ఆయన పని కుస్తీ రింగు బిగించడం. నాలుగు మూలలా స్తంభాలు నిలబెట్టి, ఇనుప దూలాలు కలిపి, వాటి మీద పద్దెనిమిది చెక్క పలకలు పరిచేవాడు. పలకల మీద వేలు మందాన ఫోమ్, దాని మీద కాన్వాసు, చివరికి తాళ్ళు. ఈ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. లారీలోంచి సామాను దించే కూలీగా చేరాడు. పాత మేస్త్రి బిగిస్తుంటే చూశాడు. ఆ పాత మేస్త్రి చెయ్యి విరిగిన రోజున పానా తనే పట్టుకున్నాడు. అప్పటి నుంచి ముప్ఫై ఏళ్ళు దాన్ని కింద పెట్టలేదు.

ఈ కుస్తీలో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. “అంతా ఉత్తుత్తిదేగా” అని ఎవరైనా వెక్కిరిస్తే మేస్త్రి వాదన పెట్టుకునేవాడు కాదు. “ఒక్కసారి ఎక్కి వెల్లకిలా పడి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం” అనేవాడు. గెలుపు ఉత్తుత్తిది కావచ్చు గానీ పడడం మాత్రం నిజం. ఎవడు ఎలా పడ్డాడో జనానికి కనిపించదు, మెత్తటి కర్ర పలకకు తెలుస్తుంది. పలక మీద చెయ్యి వేస్తే మేస్త్రికి తెలుస్తుంది.

ఆ కంపెనీలో ఇద్దరు పెద్ద వస్తాదులు ఉండేవారు. ఇద్దరూ ఒకే ఏడాది చేరారు, ఒకే లారీలో సామాన్ల మీద పడుకుని ఊళ్ళు తిరిగారు. ఒకడిని ఇనప్పెట్టె అనేవారు, రెండోవాడిని తారాజువ్వ అనేవారు.

ఇనప్పెట్టె మట్టి గోదాలో పెరిగినవాడు. పట్టు తప్ప పరుగు తెలియదు. ఛాంపియన్ పట్టీ రెండుసార్లే నడుముకు కట్టాడు, రెండుసార్లూ నాలుగు నెలలు తిరక్కుండానే వదులుకున్నాడు. కానీ ఒక్క రోజూ ఆట మానలేదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళందరికీ మొదటి ఆట ఆయనతోనే వేసేవారు. ఆయన మనిషిని నెత్తి మీదికి ఎత్తి పడేస్తే హాలంతా దద్దరిల్లేది. పడినవాడికి మాత్రం మంచం మీద వాలినట్టుండేది. ఆ చప్పుడు పడినవాడి వీపుది కాదు. సరిగ్గా ఆ క్షణానికి ఇనప్పెట్టె ఎడమ మడమతో పలకను తన్నేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన చేతిలో ఒక్కడికీ గోరు చిట్లలేదు.

తారాజువ్వ సర్కసు ఊయల మీంచి వచ్చినవాడు. రెండో ఏడాదికే గోడల నిండా అతని బొమ్మలే. తొమ్మిదిసార్లు పట్టీ కట్టాడు. మధ్యమధ్యలో భుజం విరిగిందనో మెడ పట్టిందనో నెలల తరబడి కనిపించేవాడు కాదు. తిరిగి వస్తే మళ్ళీ ఈలలు, గోలలు. మూల స్తంభం ఎక్కి, చేతులు చాపి, కింద పడి ఉన్నవాడి రొమ్ము మీదికి దూకడం అతని ఆఖరి దెబ్బ. దాని కోసమే సగం మంది టికెట్టు కొనేవారు.

మొదటి పదేళ్ళూ మేస్త్రికి అతనంటే చిన్నచూపు. “అది పనితనం కాదు, హంగామా” అని భార్య దగ్గర తీసిపారేసేవాడు. తర్వాత ఒక రోజు మూలకు దగ్గరగా ఉండే మూడో పలక మీద రెండు గుంటలు చూశాడు. రెంటి మధ్య మనిషి ఛాతీ పట్టేంత ఎడం. కొత్త పలక వేసినా నెలకల్లా అవే గుంటలు, అదే ఎడం. అప్పుడు అర్థమైంది. తారాజువ్వ కింద ఉన్నవాడి మీద పడడం లేదు. అంత ఎత్తునుంచి వచ్చి, బరువంతా తన మోకాళ్ళ మీదే దించుకుంటున్నాడు. ఒకడు ఎదుటివాడిని ఒడుపుతో కాపాడుతుంటే, రెండోవాడు తన ఎముకలు పెట్టి కాపాడుతున్నాడు. మేస్త్రికి తన పాత మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇప్పుడు ఆ గుంటలే పడడం మానేశాయి. దూకడం ఆగలేదు, ఈలలూ ఆగలేదు. మరి ఆ బరువు ఎక్కడికి పోతున్నట్టు?

బట్టలు మార్చుకునే గదికి వెళ్ళాడు. ఇనప్పెట్టె బూట్లు విప్పడానికి వంగలేక, కాలు పైకెత్తి బల్ల మీద పెట్టుకుని ఉన్నాడు. పక్కటెముకల చుట్టూ పట్టీ బిగించి ఉంది.

“అన్నా, వాడు మోకాళ్ళు ఆనించడం లేదు.”

“ఎవరు చెప్పారు?”

“పలక చెప్పింది.”

“దాన్ని నోరు మూసుకోమను” అని ఇనప్పెట్టె నవ్వబోయాడు. నవ్వు సగంలో తెగింది. చెయ్యి పక్కటెముకల మీదికి పోయింది. “వాడి మోకాళ్ళలో ఇంకేం లేదు మేస్త్రీ. మిగిలింది ఒక్క ఆట, ఇద్దరికీ అదే ఆఖరు. పడితే నా మీదే పడనీ.”

“డాక్టరేమన్నాడు?”

“ఇంకో దెబ్బ గట్టిగా తగిలితే ఎముక లోపలికి గుచ్చుకుంటుందన్నాడు. వాళ్ళంతే, భయపెడతారు.”

ఆ మాట మేస్త్రి మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఆఖరి ఆట రోజున మధ్యాహ్నం ఇద్దరూ రింగు నడవడానికి వచ్చారు. అది మేస్త్రి పెట్టిన పద్ధతే. ఆటకు ముందు ఆడేవాళ్ళు వట్టి కాళ్ళతో ప్రతి మూలా నడవాలి, మడమతో తన్ని చూసుకోవాలి. వాళ్ళు దిగాక ఆ రింగును ఎవరూ ముట్టుకోకూడదు. ఎక్కడ గట్టి, ఎక్కడ మెత్తన అన్నది కాలికి గుర్తుండాలి, ఎందుకంటే మనిషిని నెత్తిన పెట్టుకున్నవాడికి కింద చూసే వీలుండదు.

“మేస్త్రీ, నీ పలకలకన్నా మా ఆవిడ నోరే గట్టి” అన్నాడు తారాజువ్వ, తాడు పట్టుకుని మెల్లగా దిగుతూ. “రేపటి నుంచి రోజంతా దాని దగ్గరే ఉండాలి. దానికన్నా ఇవాళే పోవడం నయం.”

“అపశకునం మాటలు మాట్లాడకురా” అన్నాడు ఇనప్పెట్టె.

వాళ్ళు గదిలోకి వెళ్ళగానే మేస్త్రి కాన్వాసు మూల తాడు విప్పడం మొదలుపెట్టాడు. రింగు పనిలో సాయంగా ఉండే బావమరిది పరుగున వచ్చాడు.

“బావా, ఏంటిది? నడిచేశారు కదా, ఇంక ముట్టుకోకూడదు!”

“ముట్టుకోకూడదని పెట్టిందెవరు?”

“నువ్వే.”

“అయితే తీసేదీ నేనే. ఆ ఫోమ్ ముక్క అందుకో.”

మూడో పలక మీద రెండో పొర పరిచాడు. తారాజువ్వ దూకేటప్పుడు ఇనప్పెట్టె వీపు ఆనేది అక్కడే. నడవకముందు వేసుంటే ఆయన కాలు పట్టేసేది, తీసెయ్యమనేవాడు. మేస్త్రి కాన్వాసు లాగి బిగించి, పైన చేత్తో నిమిరాడు. కంటికి ఏ తేడా లేదు. రెండు వేళ్ళ మెత్తన, అంతే. మంచిపనే చేశాననుకున్నాడు.

మూడు గంటలకు ఆట మొదలైంది. రేకుల కప్పు కింద జనం ఉక్కపోతకు విసురుకుంటున్నారు. మేస్త్రి ఎప్పటిలా గంట బల్ల పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు. అడుగుల చప్పుడు అన్నిచోట్లా ఖంగుమంటోంది. ఒకసారి తారాజువ్వను ఆ మూలలో పడేస్తూ ఇనప్పెట్టె మడమతో తన్నాడు.

చప్పుడు రాలేదు. దిండు మీద గుద్దినట్టు ఒక చచ్చు శబ్దం వచ్చింది.

మేస్త్రి కళ్ళు తెరిచాడు. ఇనప్పెట్టె ఒక్క క్షణం తన కాలివైపు చూసుకున్నాడు. గంట మేస్త్రి చేతికి అందేంత దూరంలో ఉంది. కొడితే ఆట ఆగుతుంది, ఎందుకు కొట్టావని అందరూ అడుగుతారు. ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోతుందిలే అనుకున్నాడు. చెయ్యి గంట దాకా వెళ్ళి ఆగింది.

ఇనప్పెట్టె తారాజువ్వను నెత్తి మీదికి ఎత్తాడు. జనం లేచి నిలబడ్డారు. వెనక్కి నాలుగు అడుగులు వేసి దించాలి, ముప్ఫై ఏళ్ళుగా అదే లెక్క. మూడు అడుగులు సరిగ్గా పడ్డాయి. నాలుగోది ఫోమ్ అంచు మీద పడింది. మడమ దిగబడింది, చీలమండ పక్కకు తిరిగింది. పైనున్నవాడు తలకిందులుగా జారాడు.

అప్పుడొచ్చిన చప్పుడు మడమది కాదు. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఇనప్పెట్టె మోకాళ్ళ మీద కూలబడి, “కొట్టద్దు, కొట్టద్దు” అని అరుస్తుంటే చాలాసేపటికి గానీ వాళ్ళకు అర్థం కాలేదు.

తారాజువ్వ ప్రాణం నిలిచింది. మెడ కింద మాత్రం ఏదీ కదలడం లేదని సాయంత్రానికి కబురొచ్చింది.

బావమరిది అప్పటికే రింగు విప్పించేశాడు. “ఆ ముక్క లారీలో అన్నిటికీ అడుగున తోసేశా” అన్నాడు గొంతు తగ్గించి. “ఆయనకు వయసైపోయింది, చెయ్యి జారిందని అందరూ అంటున్నారు. నువ్వు నోరెత్తకు బావా. అక్క మీద ఒట్టు.”

అంతలో ఇనప్పెట్టె ఆసుపత్రి నుంచి కుంటుకుంటూ వచ్చాడు. పేర్చిన పలకల మీద కూర్చుని తన అరచేతులు చూసుకున్నాడు.

“వీటి పట్టు తప్పలేదు మేస్త్రీ. కాలే తప్పింది. ఎక్కడ తప్పిందో అర్థం కావడం లేదు. ఆ మూల పలక ఏమైనా విరిగిందా, చూడు.”

“పలకలన్నీ బాగానే ఉన్నాయండి” అన్నాడు బావమరిది గబగబా.

అది నిజమే. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఇనప్పెట్టె తల వంచుకుని, “అయితే నేనే” అన్నాడు.

ఆ మాటతో మేస్త్రి లేచాడు. లారీ ఎక్కి, సామానంతా పక్కకు లాగి, ఫోమ్ ముక్క తెచ్చి ఆయన ముందు పడేశాడు.

“రెండో పొర. మీరిద్దరూ నడిచి దిగాక వేశాను.”

“ఎందుకు?”

“నీ ఎముకలు.”

ఇనప్పెట్టె బొటనవేలితో ఫోమును నొక్కాడు. అది మెల్లగా పైకి వచ్చేదాకా చూశాడు. “నన్ను అడగాల్సింది.”

“వద్దనేవాడివి.”

“వద్దనేవాణ్ణే.”

తిట్టలేదు, చెయ్యెత్తలేదు. తిట్టినా బాగుండునని మేస్త్రికి అనిపించింది. ఇనప్పెట్టె పలకల ఆసరాతో లేచి నిలబడ్డాడు. “వాడి భార్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. నడు.”

“ఇప్పుడు వద్దు బావా, రేపు మాట్లాడొచ్చు” అని బావమరిది ఆయన చొక్కా పట్టుకున్నాడు. మేస్త్రి విడిపించుకున్నాడు. ఫోమ్ ముక్కను చుట్టి చంకలో పెట్టుకుని, కుంటుతూ నడిచే మనిషి వెనకే వెళ్ళాడు.

ఆమె ఆ మెట్ల మీదే ఉంది. భర్త బూట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇనప్పెట్టె పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

“ఏమిటది?” అంది ఆమె.

మేస్త్రి దాన్ని మెట్టు మీద పరిచి చెప్పడం మొదలుపెట్టాడు.