తిరగేసి చెక్కిన మూత

పోయిన నెల నా పుట్టినరోజుకని మా తమ్ముడి కొడుకు హైదరాబాదు నుంచి గుడివాడ వచ్చి, రంగు కాగితం చుట్టిన పెట్టె ఒకటి నా ఒళ్లో పెట్టి, విప్పమని నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. విప్పితే లోపల మీగడ రంగు ఒళ్లు, ఎర్ర మూతతో నిగనిగలాడుతూ వీడియో గేమ్. మా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, నెత్తిన పసుపుపచ్చ క్యాసెట్టు గుచ్చి, పనిచేయకపోతే దాన్ని ఊడదీసి ఉఫ్‌మని ఊది మళ్లీ గుచ్చేవాళ్లం చూడండి, ఆ పెట్టె. నాకెందుకిస్తున్నాడో ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం ఒళ్లు మండిపోయింది. అది మా ఇంటి గేమే. మూలనపడి ఉంది కదా, బాగు చేయిస్తానని రెండు నెలల క్రితం వాడు పట్టుకెళ్లినప్పుడు అది ప్లాస్టిక్‌ది కాదు, మా నాన్న తన చేత్తో చెక్కిన టేకు పెట్టె. వీడు ఆ చెక్కంతా ఊడదీయించి, లోపలి సామానుకు కొత్త ప్లాస్టిక్ తొడుగు వేయించి తెచ్చాడు.

"చూశావా అత్తా, అచ్చం ఒరిజినల్‌లా చేయించాను," అన్నాడు మురిసిపోతూ.

ఒరిజినల్ అట! ఆ ఎర్ర మూత పెట్టె పుట్టుకతోనే నకలు. ఎక్కడో ఎవరో పరాయి దేశం వాళ్లు ముచ్చటపడి గీసుకున్న రూపాన్ని ఇంకెవరో చూసి అచ్చుగుద్ది మద్రాసు బజార్లలో గుట్టలు పోసి అమ్మారు. ఇప్పుడు వీడు తొడిగించింది ఆ నకలుకు నకలు. లోకంలో ఒకే ఒక్కటి, దాని జోడు ఇంకెక్కడా లేనిది మా నాన్న చెక్కింది, అదేమో ఒరిజినల్ కాకుండా పోయింది. పైగా వీడి ఉద్యోగమే వస్తువులకు పై రూపాలు గీయడం. చదువుకోని వాడెవడో చేశాడంటే సర్దుకుపోదును.

మాది పెడన. నాన్న కలంకారీ అచ్చులు చెక్కేవారు. మా చిన్న మావయ్య మద్రాసులో పనిచేస్తూ, ఒక వేసవిలో వస్తూ వస్తూ ఆ గేమ్ తెచ్చాడు. వీధిలో పిల్లలందరూ మా ఇంట్లోనే, అందరి కళ్లూ టీవీ మీదే. ఒక్క నాన్న మాత్రం టీవీ వంక చూసేవారు కాదు, పెట్టె వంక చూసేవారు. మేము ఆపేశాక దాన్ని ఒళ్లోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, అంచుల వెంట బొటనవేలు పోనిచ్చి, మూలలు తిప్పిన తీరు బాగుందనీ, మూతకూ ఒంటికీ కలిసే చోట సందు సమంగా వచ్చిందనీ, ఆ వెండి రంగు స్టిక్కరు అంటించి చెడగొట్టారనీ అమ్మతో చెప్పేవారు. అమ్మకు అదంతా ఏం పడుతుంది, ఊఁ కొట్టేది. ఒక వస్తువును అలా చూడొచ్చని, దాని వెనక గీసిన చెయ్యి ఒకటి ఉంటుందని నాకు మొదట తెలిసింది అప్పుడే. తరవాత నేను డ్రాయింగు టీచరునయ్యానంటే ఆ పుణ్యం కూడా ఆ పెట్టెదే కావచ్చు.

ఆ ఏడు దసరాకు నాన్న ఎప్పటిలాగే ఉలులూ సుత్తీ అచ్చులూ కడిగి, బల్ల మీద పేర్చి ఆయుధ పూజ చేశారు. తమ్ముడు గేమ్‌ను కూడా తెచ్చి అచ్చుల మధ్య పెట్టాడు. అమ్మ దానికీ పసుపు రాసి బొట్టు పెట్టింది. కర్పూరం వెలిగించి హారతిచ్చాక, బల్ల మీద ఖాళీ లేక, పూజలో ఉన్న వస్తువే కదా అని ఆ వేడి ఇత్తడి పళ్లాన్ని ఎర్ర మూత మీద పెట్టి ప్రసాదం తేవడానికి లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మూత అప్పడంలా వంకర్లు తిరిగి లోపలికి కుంగిపోయింది. తమ్ముడు ఆ పూట పులిహోర ముట్టలేదు, వాడు తినలేదని అమ్మా తినలేదు. లోపలి సామానుకు ఏమీ కాలేదని బందరులో రేడియోలు బాగుచేసే ఆయన చూసి చెప్పాక, నాన్న అచ్చుల కోసం దాచుకున్న టేకు పలకల్లో మంచిది ఒకటి బయటికి తీశారు.

రోజూ పని అయ్యాక సాయంత్రం పూట కూర్చునేవారు. దారంతో కొలతలు తీసుకున్నారు. లోపలి వేడి పోవాలి కాబట్టి మూత చుట్టూ తీగ నడిపి, ఆకుకూ ఆకుకూ మధ్య చిల్లులు వదిలారు. పిల్లల మణికట్టు ఆనే చోట అంచు గుండ్రంగా తీశారు. ఒకటి, రెండు అని అంకెలు వేస్తే ఏం బావుంటుందని, మొదటి ఆటగాడి వైపు చిలక, రెండో ఆటగాడి వైపు నెమలి వేశారు. ఇప్పుడెవరైనా ఇన్ని ఆలోచించి ఒక గేమ్ పెట్టె చేస్తున్నారేమో నాకు చూపించండి. మేనల్లుడి ఇంట్లో ఒకటి ఉంది, తెల్ల కాలరు ఎత్తుకుని నిలబడ్డ నల్ల పెట్టె, దాన్ని టీవీ కింద అరలో పెట్టి తలుపు మూసేస్తాడు. అదేమిట్రా అంటే, కనబడకుండా ఉండడమే ఇప్పటి అందం అంటాడు. కనబడడానికే సిగ్గుపడే వస్తువును చేయడం ఎందుకు, దానికి అంత చదువు చదవడం ఎందుకు?

పెట్టె పూర్తయిన రోజున తమ్ముడు దాన్ని బిగించబోతే బటన్లు కుదరలేదు. ఆన్ చేసే బటన్ ఎడమ వైపు, ఆట మళ్లీ మొదలుపెట్టే బటన్ కుడి వైపు ఉండాలి. మూతలో పొడుగు గాడి కుడికి, గుండ్రటి చిల్లు ఎడమకు వచ్చాయి. చిలక ఉండాల్సిన చోట నెమలి, నెమలి చోట చిలక. నాన్న మూతను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. జరిగిందేమిటంటే, అచ్చు గుడ్డ మీద సరిగ్గా పడాలంటే చెక్క మీద బొమ్మ తిరగేసి ఉండాలి కదా, అందుకని అచ్చులు చెక్కేవాళ్లు గీసుకున్న కాగితాన్ని బోర్లించి చెక్కకు అంటిస్తారు. నాన్న చెయ్యి ముప్పై ఏళ్ల అలవాటుతో ఆ కాగితాన్నీ బోర్లించేసింది. ఇది అచ్చు కాదు, మూత అని ఆ చేతికి తోచలేదు.

అంత మంచి పలక ఇంకోటి లేదు. బందరు రేడియో ఆయనే వైర్లు పొడిగించి బటన్లనూ, రిమోట్లనూ అటువి ఇటు మార్చి పెట్టాడు. ఆ పెట్టె మీద ఎన్నేళ్లు ఆడామో! నేను చిలక, నువ్వు నెమలి అని పంచుకునేవాళ్లం. చదువు రాని మా అమ్మ కూడా ఎవరిది నెగ్గిందో చెప్పేది. మా వీధి పిల్లలు వేరే ఊళ్లో వేరే ఇళ్లల్లో ఆడితే ఒక బటన్‌కు బదులు ఇంకొకటి నొక్కి తిట్లు తినేవారు, తిని కూడా మా పెట్టెదే సరైన పద్ధతని వాదించేవారు. వచ్చినవాళ్లందరూ ఆ చెక్కడం మెచ్చుకునేవారు. నాన్న మాత్రం ఎవరు మెచ్చుకున్నా, "తిరగబడిందిలెండి," అని మూతను గోడ వైపు తిప్పేసేవారు. పోయేదాకా ఆ మాట మానలేదు.

అందుకే ఆ రోజు మేనల్లుడి మీద కేకలేశాను. పుట్టినరోజు కేకు కోయనివ్వలేదు. చెక్క ఏం చేశావురా అంటే, బందరులో బాగు చేయించిన రిపేరు షాపులోనే వదిలేశానని నసిగాడు. మర్నాడు పొద్దున్నే రైలెక్కి బందరు వెళ్లాను. పెడన స్టేషను వచ్చినప్పుడు కిటికీలోంచి బయటికి చూడబుద్ధి కాలేదు. షాపాయన నా ముఖం చూసే భయపడ్డట్టున్నాడు.

"మూత నేనే అట్టే పెట్టానండీ, అంత పనితనం పారెయ్యబుద్ధి కాలేదు. అడుగు పెట్టె మాత్రం పాత సామాన్లాయనకు ఎత్తేశానండీ. ఏమనుకోకండమ్మా, బాబుగారు అక్కర్లేదన్నారండి," అంటూ బల్ల కింద నుంచి తీసిచ్చాడు. పాత సామాన్ల కొట్టుకూ వెళ్లాను. అడుగు పెట్టె దొరకలేదు, పొయ్యిలోకి పోయి ఉంటుందన్నారు.

మూతను ఇంటికి తెచ్చి, గుడ్డతో తుడుస్తుంటే ఆకుల సందుల్లో ఇంకా పసుపు కనబడింది. అది చూస్తూ చూస్తూ ఉండగా నాకొక ఆలోచన తట్టింది. మరుసటి ఆదివారం దాన్ని పట్టుకుని పెడనలో నాన్న దగ్గర అచ్చులు కొన్న ఒక పాత అద్దకం వాళ్ల ఇంటికి వెళ్లాను. ఇప్పుడు అక్కడా ఎక్కువ పని స్క్రీన్ ప్రింటింగుతోనే, చెక్క అచ్చులు అటక మీద ఉన్నాయి. అయినా బెల్లం, తుప్పుపట్టిన ఇనుము ఊరబెట్టిన నల్లరంగు కొంచెం ఉందంటే అడిగి, మూతను రంగులో అద్ది, తెల్లగుడ్డ మీద బోర్లించి, రెండు చేతులా ఒత్తి, మెల్లగా పైకి లేపాను.

ఎడమ వైపు చిలక, కుడి వైపు నెమలి. పొడుగు గాడి ఎడమకు, గుండ్రటి చిల్లు కుడికి, తెల్లగా, ఎక్కడుండాల్సినవి అక్కడ. తీగ ఎక్కడా తెగలేదు. ఏదీ తిరగబడలేదు.

ఆ గుడ్డను ఇప్పుడు మేనల్లుడిచ్చిన గేమ్ మీద కప్పి ఉంచాను, ఆ ఎర్ర ముఖం నా కంటపడకుండా. వాడు ఫోన్లో ఫోటో చూసి, మూత ఒకసారి ఇస్తే కొలతలు తీసుకుని అడుగు పెట్టె మళ్లీ చేయిస్తానని బతిమాలుతున్నాడు. ఇంకా జవాబు చెప్పలేదు. వాడి మీద కోపం తగ్గిందని కాదు, కానీ ఈ మధ్య నా కోపమంతా వాడి మీదే ఉండడం లేదు. వాడికి తెలియదు, ఎక్కడో గాజు మేడల్లో పెరిగాడు. మేం పుట్టింది అద్దకం వాళ్ల ఊళ్లో. వీధి నిండా రంగు తొట్లు, ఇంటి నిండా తెల్లగుడ్డ. ఆ మూతను ఒక్కసారి రంగులో అద్ది నాన్నకు చూపించాలని అన్నేళ్లలో మాలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.