మామ కడిగిన కాళ్లు

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఇప్పటిదాకా కొన్ని లక్షల పలకలు కోసి ఉంటాను. నేను పలక మీద రాసింది మాత్రం ఐదో తరగతి వరకే.

యేసు శిష్యుల కాళ్లు కడిగిన ఘట్టం చదివినప్పుడల్లా మా పాస్టరుగారు "అది వినయానికి గుర్తు, అంతే" అంటారు. తర్లుపాడు దగ్గర మా అత్తగారి ఊరి చర్చిలో మాత్రం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు ముందు నిజంగానే ఒకరి కాళ్లు ఒకరు కడుగుతారు. ఆ సంగతి విని నా పెళ్లిలోనే, "అయితే మీ చర్చికి సబ్బు కూడా తెచ్చుకోవాలా మామా?" అన్నాను. అందరూ నవ్వారు. మామ మాత్రం రెండేళ్లు నాతో మాట్లాడలేదు.

మొన్నొక ఆదివారం, అదెలా ఉంటుందో చూద్దామని వెళ్లి వెనకాల కూర్చున్నాను. నడుముకు తువాలు చుట్టుకుని, బేసిన్ పట్టుకుని నా ముందు మోకరించింది ఎవరనుకున్నారు? మా మామే! కాళ్లు వెనక్కి లాక్కోబోతే గట్టిగా పట్టుకున్నాడు. పలకల దుమ్ము ఎంత రుద్దినా మడమల పగుళ్లలోంచి పోదు. బేసిన్లో నీళ్లు నల్లబడ్డాయి. ఆయన తలెత్తకుండా వేళ్ల సందులు కూడా తుడిచాడు. నాకు ఒక్క జోకూ గుర్తురాలేదు. నా వంతు వచ్చినప్పుడు నేనూ ఆయన కాళ్లు కడిగి, వేళ్ల సందులు కూడా తుడిచాను.

ఒకే మాటకు రెండు చర్చిల్లో రెండు అర్థాలెందుకో నాకిప్పటికీ తెలియదు. వినయం గురించి వినడం వేరు, అది కాళ్లకు తగలడం వేరు.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "మామా, మీ అర్థం కరెక్టా, మా పాస్టరుగారిది కరెక్టా?"

చెప్పులేసుకుంటూ మామ రెండేళ్ల తర్వాత నాతో నోరు విప్పాడు.

"అదంతా నాకేం తెలుసు అల్లుడా? ఆ నీళ్లు నువ్వూ చూసినావు గదా. మళ్లీ వచ్చేటప్పుడు సబ్బు నువ్వే తెచ్చుకో."