పెంకు పగిలే పూట సాంబ్రాణి పొగ

ముదిగుబ్బలో దాదాబీ ఇంటికి గుడ్లు తెచ్చే ప్రతి ఒక్కరికీ ఆమె చెప్పేది ఒకటే మాట: "పిల్ల పెంకు పొడవడం మొదలుపెట్టినాక మూత ఎత్తద్దండి తల్లీ." ఎవరు వింటారు! చెవిటోని ముందర శంఖం ఊదినట్టే. పుట్టినప్పటి నుంచి కోళ్లను చూసినోళ్లం, ఒకరు చెప్తే మనం వినాలా!

థర్మాకోల్ పెట్టె, లోపల బల్బు, చిన్న ఫ్యాను, అడుగున నీళ్ల గిన్నె. అంతే ఆమె పొదిగే మిషన్. మన ఎండు గాలికి మన పెదవులే పగిలిపోతాయి, గుడ్డు లోపలి పొర ఎండిపోదా? ఎండితే అది పిల్ల ఒంటికి అతుక్కుంటాది. పిల్ల తిరగలేదు, బయటికి రాలేదు. ఆ గిన్నెలో తడే దానికి ప్రాణం. మూత ఎత్తితే తడి పాయె.

ఈసారి గుడ్లు పక్కింటి ఈశ్వరివి. ఆమె నల్లపెట్టను కుక్కలు ఎత్తుకుపోయినాయి. అది పొదుగుతాన్న గుడ్లను ఒడిలో వేసుకుని ఏడ్చుకుంటా వచ్చింది. "దాని జాతి ఇంక ఇవే అక్కా" అనింది. దాదాబీ వాటిని సొంత బిడ్డల మాదిరి చూసుకునింది.

శుక్రవారం పొద్దున పెంకులకు చీలికలు వచ్చినాయి. లోపల కీచుకీచుమని ఒకటే అరుపులు. దాదాబీ కొళాయి కాడికి బిందె తీసుకుని పోయింది. తిరిగొచ్చేసరికి ఇంటి నిండా పొగ. ఈశ్వరి అత్త గంగాదేవి, ముఖమంతా నవ్వు పెట్టుకుని, మూత పక్కన పడేసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, గుడ్ల మీదికి చేటతో విసురుతాండాది!

"ఏందవ్వా ఇది! నీకేమన్నా తిక్కా?"

"పురిటి బిడ్డలకు పొగ పెట్టొద్దా? నా మనవళ్లందరికీ నేనే పెట్టినా. జలుబు చేయదు."

"వాళ్లు పుట్టినాక పెట్టినావు! ఇవి ఇంకా పుట్టనే లేదు కదవ్వా!"

దాదాబీకి ఒళ్లు మండిపోయింది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి లోపల పెట్టి, మూత వేసింది. ఈశ్వరి పరిగెత్తుకుని వచ్చి, పెంకు ఒలిచి పిల్లలను తీద్దామనింది. దాదాబీ ఆమె చేతి మీద ఒక్కటి వేసింది. "పొరలో ఇంకా నెత్తురుండాది. ఒలిస్తే కారిపోయి చస్తాయి. గమ్మునుండు!"

గంగాదేవి వాకిట్లో కూర్చుని "పుణ్యానికి పోతే పాపం ఎదురయ్యిందే" అని గొణుగుతాండాది. చోద్యం చూడండి! తప్పు చేసిందీ ఆమే, అలిగిందీ ఆమే.

సాయంత్రానికి పిల్లలు ఒక్కొక్కటే తన్నుకుని బయటపడినాయి. గోధుమవి, మచ్చలవి. ఈశ్వరి కండ్లు నల్లదాని కోసం వెతుకుతాండాయి. ఒక గుడ్డు మాత్రం అట్లే ఉండిపోయింది. చీలికలో ముక్కు కనపడతాండాది, కదలడం లేదు. దాదాబీ దాన్ని తీసి పెంకు ఒలిచింది. నల్లపిల్ల, అచ్చం తల్లే. ఎండిన పొర కాగితం మాదిరి ఒంటికి అతుక్కోనుండాది. ఈశ్వరి వేలితో ముట్టి చూసింది, ఊపిరి లేదు.

దాదాబీ వాకిట్లోకి పోయి ఆ పిల్లను గంగాదేవి అరచేతిలో పెట్టింది. ముసలామె కొంగుతో దాని ఒళ్లు తుడవబోయింది. దాదాబీకి అయ్యో అనిపించింది. అయినా కోపం ఆగలేదు.

"తుడిచి ఏం చేస్తావవ్వా? ఇది రోగంతో చావలేదు. నీ ముద్దుకే చచ్చింది."