తప్పుకోవడం తెలిసిన ప్యాకేజీ

2022 వేసవి. ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని మా ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి ప్యాకేజీలు కట్టే పని చేసేదాన్ని. కొత్త సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటరును నడిపే లైనక్స్ పాత వెర్షన్ మీద కూడా నడిచేలా మళ్ళీ తయారుచేసి ఇవ్వడం ఆ పని. మేం దాన్ని బ్యాక్‌పోర్ట్ అంటాం. "పాతది పీకేసి కొత్తది వేస్తే పోలా?" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. గోడ బీటలిచ్చిందని ఇల్లు కూల్చుకుంటామా?

ఒకరోజు టేకులపల్లి నుంచి నాతో చదువుకున్న రజిత ఫోన్ చేసింది. అక్కడి ఆడవాళ్ళ సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేస్తుంది. వాళ్ళ కంప్యూటరు చూసుకునేది రజితే. లేబుళ్ళ ప్రింటర్ కాలిపోతే కొత్తది కొన్నారట. దాన్ని నడిపే డ్రైవర్ వాళ్ళ పాత లైనక్స్‌లో ఎక్కడం లేదు. లైనక్స్‌నే మారుద్దామంటే, కాటా తూకాన్ని కంప్యూటరుకు అందించే ప్రోగ్రాం ఆ పాతదాని మీద తప్ప నడవదు. దాన్ని రాసినాయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఇంతలో హైదరాబాద్‌లోని ఒక దుకాణం నుంచి మొదటిసారి పెద్ద ఆర్డరు వచ్చింది. తూకం, తేదీ ఉన్న లేబుల్ లేకపోతే వాళ్ళు సరుకు తీసుకోరు. శనివారం పొద్దున బండి వస్తుంది.

సంఘం అధ్యక్షురాలు ముత్తమ్మ ఫోన్ లాక్కుంది. "బిడ్డా, లడ్డూలు చేసుడు మా పని. చీటీలు అంటించుడు గూడ మా పనే. అవి బయటికొచ్చేటట్టు జేసుడు నీ పని. ఈ ఆర్డరు పోతే మళ్ల మా దిక్కు ఎవ్వలు జూడరు."

మర్నాడే బస్సెక్కాను.

డ్రైవర్ తనకు తోడుగా ఒక కొత్త లైబ్రరీ, అంటే ప్రోగ్రాములు అరువు తెచ్చుకునే కోడ్ మూట, కావాలంది. ఆ లైబ్రరీ ఇంకో కొత్తదాన్ని అడిగింది. అదేమో అన్ని ప్రోగ్రాములకూ ఆధారమైన మూల లైబ్రరీనే మార్చమంది. ఒక్కరిని భోజనానికి పిలిస్తే ఊరంతా బయల్దేరినట్టుంది. మూలాన్ని ముట్టుకుంటే కాటా ప్రోగ్రాం పడుకుంటుంది. అందుకని వాళ్ళ పాత లైనక్స్‌నే నా ల్యాప్‌టాప్‌లో విడిగా పెట్టుకుని, డ్రైవర్‌ను అందులోనే బిల్డ్ చేయడం మొదలుపెట్టాను. తీరా చూస్తే కొత్త లైబ్రరీతో దానికి పని పడేది ఒకే ఒక్క చోట, కాగితం అంచు కొలవడానికి. ఈ మాత్రానికా ఇంత హంగామా అని తిట్టుకుంటూ, పాత పద్ధతిలోనే కొలిచేలా నాలుగు లైన్లు రాశాను. వెర్షన్ నంబరు చివర టిల్డే (~) గుర్తు పెట్టాను, అసలుదానికంటే ఇది ఒక మెట్టు కింద అని కంప్యూటరుకు చెప్పడానికి. మా పనిలో అదొక మర్యాద. లైనక్స్ మారి అసలు ప్యాకేజీ వచ్చిన రోజు, ఆ గుర్తున్నది తనంతట తానే తప్పుకుంటుంది.

ఆ ప్యాకేజీని వాళ్ళ కంప్యూటర్లో ఎక్కించి చూస్తే, మొదటి లేబుల్ తెల్లగా, ఖాళీగా వచ్చింది. చూద్దుము కదా, రోల్ తిరగేసి ఎక్కించాం! రెండోదాని మీద తూకం, తేదీ ముత్యాల్లా పడ్డాయి. ఆ గదిలో నవ్వులే నవ్వులు. నేనూ వాళ్ళ మధ్య కూర్చుని డబ్బాలకు లేబుళ్ళు అంటించాను. శనివారం బండి కదిలాక ముత్తమ్మ మిగిలిన లేబుల్ ఒకటి నా జబ్బకు అంటించి, "ఇది గూడ మా సరుకే" అంది.

పోయినేడు రజిత మళ్ళీ ఫోన్ చేసింది. కొత్త కాటా, దానికి కొత్త ప్రోగ్రాం వచ్చాయట. లైనక్స్ కూడా మార్చుకున్నారు. నా ప్యాకేజీ పోయి దాని స్థానంలో అసలుది ఎక్కుతున్నట్టు తెర మీద కనిపించిందట. ఆ మాట విని ముత్తమ్మ నొచ్చుకుందట. తనే ఫోన్ తీసుకుంది.

"ఏమనుకోకు బిడ్డా. నీది తీసెయ్యమని మేం జెప్పలే. అదే పోయింది."

నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. అది పోవడానికే చేశాను పెద్దమ్మా, అన్నాను. ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్నది అదే: నిలబెట్టడం ఎంత ముఖ్యమో, ఎవరి పనీ ఆగకుండా తప్పుకోవడం అంత ముఖ్యం.

"గట్లనా? అయితే సంతోషమే" అని ఒక డబ్బా లడ్డూలు పంపింది. దాని మీది లేబుల్‌ను, అప్పుడు నా జబ్బకు అంటిస్తే దాచుకున్న లేబుల్ పక్కన పెట్టి చూశాను. తేదీ తప్ప ఏ తేడా లేదు.