పడుగుకు వీపు తిప్పి కూర్చున్న తాతయ్య

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మగ్గాలున్న వీధుల్లోకి పొద్దున్నే బండి తోలుకొస్తే తిట్లు తినాల్సిందే. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా పడుగు సాగదీసి ఉండేది. మగ్గం ఎక్కించే ముందు ఆ నిలువు దారాలకు గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. అటూ ఇటూ ఎనిమిది పదిమంది నిలబడితే గానీ జరిగే పని కాదు. నడుమ ఒక్క పోగు తెగినా అందరూ ఆగి, వెంటనే ముడి వేయాలి. లేదంటే తెగిన కొస గంజితో పక్క పోగులకు అతుక్కుంటుంది. దాని మీద కుంచె పడిందంటే ఇంకో పది పోగులను లాక్కుపోతుంది.

మా వీధిలో ఆ గుంపుకు పెద్ద మా తాతయ్య. ఒక యజమాని షెడ్డులో ఇరవై మగ్గాలుండేవి, వాటన్నిటికీ పడుగులు తయారు చేయించే బాధ్యత ఆయనది. పని మొదలయ్యేదాకా ప్రతి కర్రా, ప్రతి ముడీ తనే చూసుకునేవాడు. గంజి వేళ్ళ మధ్య రాసి చిక్కదనం చూసేవాడు. తీరా కుంచె పడగానే మా అరుగు మీదికి పోయి, పడుగుకు వీపు తిప్పి, గోడకేసి చూస్తూ ఆకూ వక్కా నమిలేవాడు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. తెగిన పోగును ఎవరు చూస్తే వాళ్ళు "తెగింది!" అని అరవాలి. అరిచింది పదేళ్ళ పిల్లయినా సరే, అందరి చేతులూ ఆగాలి.

నాకు తలకొట్టేసినట్టు ఉండేది. ఊరంతా ఒళ్ళు వంచి పనిచేస్తుంటే మా తాత గోడను చూస్తాడేమిటని ఒకరోజు మొహం మీదే అడిగేశాను. ఆయనకు కోపం రాలేదు. "నేను సూస్తాంటే వాళ్ళు నన్ను సూస్తారు పాపా, పోగును సూడరు" అన్నాడు. సోమరితనానికి మంచి సాకు దొరికిందనుకున్నాను.

ఆ ఏడు యజమాని తన బంధువుల్లో చదువుకున్న ఒకాయనను మేనేజరుగా తెచ్చిపెట్టాడు. ఆయన చెడ్డవాడని నేను చెప్పను. అందరికంటే ముందు వచ్చేవాడు, అందరితో పాటు ఎండలో నిలబడేవాడు. కాకపోతే పైన నిలబడి చూడకపోతే మనుషులు పనిచేయరని ఆయన నమ్మకం. ఉరుకుంద ఈరన్న ఉత్సవాలు దగ్గర పడ్డాయి, బట్ట త్వరగా అందించాలి, ఈ అరుపులతో మాటిమాటికీ పని ఆగుతోంది అని కొత్త నియమం పెట్టాడు. ఎవరూ నోరు విప్పకూడదు. పోగు తెగితే చెయ్యి ఎత్తాలి. ఆయన చూసి ఆపమంటేనే ఆపాలి. మా తాతయ్య వద్దని రెండుసార్లు చెప్పి చూశాడు. వినకపోయేసరికి ఊరుకున్నాడు.

నాలుగు రోజుల్లో వీధి వీధిలా లేకుండా పోయింది. అంతకుముందు ఊళ్ళో అత్తాకోడళ్ళ తగాదాలన్నీ ఆ పడుగు మీదుగానే అటూ ఇటూ పోయేవి. అయినా కళ్ళు పోగుల మీదే ఉండేవి. ఇప్పుడు మాటలు లేవు. కళ్ళు మాత్రం మేనేజరు ఎటు నడిస్తే అటు తిరుగుతున్నాయి.

గుంపులో అందరికంటే వేగంగా ముడి వేసేది మా పక్కింటి అక్క. ముస్లిముల ఇల్లు కాబట్టి నేను ఆపా అని పిలిచేదాన్ని. వాళ్ళ నాన్న మంచం పట్టాక ఆ ఇంటికి ఆమె పని తప్ప వేరే ఆధారం లేదు. ఐదో రోజు సరిగ్గా ఆమె ఎదుటే ఒక పోగు తెగింది. ఆపా చెయ్యి ఎత్తింది. మేనేజరు అవతలి చివర ఎవరినో కోప్పడుతూ ఇటు చూడలేదు. కుంచె దగ్గరికి వస్తోంది. ఆమె చెయ్యి దించలేదు, గొంతూ ఎత్తలేదు. కుంచె పట్టినవాళ్ళు చూశారు. బడి సంచి తగిలించుకొని నిలబడ్డ నేనూ చూశాను. ఎవరమూ అరవలేదు. కుంచె ఆ కొస మీదుగా పోయింది. ఆయన ఇటు తిరిగేసరికి జానెడు వెడల్పున పోగులు తెగి, చిక్కుపడి, ఎండకు అట్టకట్టి ఉన్నాయి. ఆ పడుగు ఇక మగ్గం ఎక్కదు.

ఆపాను రేపటి నుంచి రావద్దన్నాడు. "సెయ్యి ఎత్తినా గద సార్, మీరే సూడల్యా" అందామె. అబద్ధం అన్నాడాయన. ఆ మాటకు అరుగు మీద మా తాతయ్య ఇటు తిరిగాడు. పని నడిచే వేళ ఆయన ఇటు తిరగడం నేను చూడటం అదే మొదటిసారి. ఎవరు చూశారో చెప్పమని గుంపును అడిగాడు. అందరూ కాళ్ళ వంక చూసుకున్నారు. నాకేం పూనిందో తెలియదు, ఆపా చెయ్యి ఎత్తింది, నేను చూశాను అని గొంతు చించుకొని అరిచాను. అప్పుడు కుంచె పట్టినాయన ఒకరు తానూ చూశానన్నాడు. తరవాత ఇంకొకరు. ఒక్కొక్కరే కుంచెలు కింద పెట్టేశారు.

చూసినవాళ్ళు ముందే ఎందుకు చెప్పలేదని మేనేజరు గద్దించాడు. మా తాతయ్య అరుగు దిగి వచ్చి ఆయన ఎదుట నిలబడ్డాడు. "నోర్లు మూసుకోమన్నెది నువ్వు గదప్పా. మూసుకున్నారు. నీ మాట ఇంత బాగా ఇన్నోళ్ళను యాడన్నా సూసినావా?"

కబురు అంది యజమాని వచ్చాడు. పడుగు పాడైంది, ఎవరో ఒకరిని తీసేయక తప్పదు, పేరు చెప్పమన్నాడు. తాతయ్య తన పేరే చెప్పాడు. "ఈ కట్టుబాటు తప్పని తెలిసీ ఊరకున్నా. నా పేరు రాసుకోప్పా" అన్నాడు. యజమానికి ఒళ్ళు మండింది. ఆపా పని నిలిచింది గానీ, ఆ పూటతో మా తాతయ్య పెద్దరికం పోయింది. ఇంట్లో మా జేజి, అదే మా నానమ్మ, ఏడ్చింది. ఆయన మాత్రం కడుపు నిండా తిని పడుకున్నాడు.

మరునాడు అందరిలాగే ఒక కుంచె పట్టుకొని వీధిలోకి వచ్చాడు. పని మొదలుపెట్టే ముందు మేనేజరును ఒకే ఒక్కటి అడిగాడు. ఈ ఒక్క పడుగు అయ్యేదాకా అరుగు మీద గోడకేసి కూర్చో, పాడైతే నన్ను పనికే రావద్దను అన్నాడు. నిన్నటి సంగతి ఆయనను కూడా ఎక్కడో గుచ్చుతున్నట్టుంది, పోయి కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గానీ మెడ నిలవదు. కాసేపటికి "తెగింది!" అని ఆపా అరిచింది. వీధి చివరి వాళ్ళ చేతులు కూడా ఆగిపోయాయి. ముడి పడింది, కుంచె మళ్ళీ కదిలింది. అలా మూడుసార్లు అరిచారు, మూడుసార్లు ఆగారు. ఎండ నెత్తికెక్కకముందే పడుగు చక్కగా ఆరింది. మేనేజరు లేచి వచ్చి, పోగుల మీద వేళ్ళు రాస్తూ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, షెడ్డులోకి వెళ్ళిపోయాడు. మర్నాడు ఎవరూ చెప్పకుండానే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

ఆయన ఆపాకు క్షమాపణ చెప్పలేదు. తాతయ్యకు పెద్దరికం తిరిగి ఇప్పించలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. తాతయ్యకు మాత్రం చివరి దాకా లేదు.

పెద్దయ్యాక నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లులో చేరాను. పత్తిలో చెత్త ఏరే ఆడవాళ్ళ మీద ఏళ్ళ తరబడి సూపర్‌వైజరుగా ఉన్నాను. నా మనవరాలు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. వాళ్ళ ఆఫీసులో ఉద్యోగులకు ఉత్సాహం నింపడానికి తరగతులు పెడతారట, తరగతి అయ్యాక వెనక నుంచి ఎవరు ఎంతసేపు కుర్చీలో ఉన్నారో కంప్యూటరుతో కొలుస్తారట. భయం లేకపోతే పని జరగదమ్మా అని ఇప్పటికీ నాకు చెప్పేవాళ్ళున్నారు. ఆ మాటకు నేను తగువుకే దిగుతాను. భయపెడితే చేతులు కదులుతాయి, నిజమే. కళ్ళెదుట తెగుతున్నదాన్ని చూసి కూడా నోరు విప్పని మనుషులు తయారవుతారు. దానికి నేనే సాక్ష్యం, ఆ రోజు నేనూ ముందు నోరు మూసుకునే నిలబడ్డాను.

మిల్లులో ఒకసారి, ఏరడం అయిపోయి కట్టిన పత్తి బేలులో గోనె పీచు కనబడింది. ఆ పత్తి ఏరినామె పేరు రాసివ్వమని పైవాళ్ళు కాగితం నా ముందు పెట్టారు. ఎవరో నాకు తెలుసు, పసిబిడ్డకు జ్వరమొచ్చి రాత్రంతా నిద్రలేక వచ్చిన మనిషి. నా పేరు రాసి ఇచ్చాను. నాకు రావలసిన పెద్ద ఉద్యోగం ఆ కాగితంతో పోయింది. పోతే పోయింది. ఆ తరవాత నేను మానేసేదాకా, ఏ పొరపాటు జరిగినా ఆ ఆడవాళ్ళు దాచలేదు, నేను కనిపెట్టేదాకా ఆగలేదు, తామే నడిచి వచ్చి చెప్పేవాళ్ళు. ఇంతకంటే పెద్ద ఉద్యోగం ఎక్కడైనా ఉంటే, అది నాకు వద్దు.