మూడంగుళాలు కిందికి ఉన్న బార్

కరోనా రెండోసారి విజృంభించి తగ్గుముఖం పట్టాక, ఆటస్థలాలు ఇంకా పూర్తిగా తెరవని రోజుల్లో మా క్రీడా శాఖ నాకొక పని అప్పజెప్పింది. అప్పటికి నేను వెయిట్‌లిఫ్టింగ్ శిక్షకుణ్ణి. కావలిలో పోస్టింగు. పదవీ విరమణకు ఏడాది కూడా లేదు. రాష్ట్ర స్థాయి పవర్‌లిఫ్టింగ్ పోటీలకు మా జిల్లా నుంచి పంపదగినవాళ్లను ఇళ్లకు వెళ్లి చూసి రావాలి. ఎవరు ఎంత ఎత్తుతున్నారో, ఆరోగ్యం ఎలా ఉందో రాసి, తగినవాళ్లే అని సంతకం చేయాలి. పవర్‌లిఫ్టింగ్ నిజానికి నా ఆట కాదు. మాది బరువును తలపైకి లేపే ఆట. పవర్‌లిఫ్టింగ్‌లో ఉండేవి బరువు మోస్తూ తీసే గుంజీలు, బెంచి మీద పడుకుని తోయడం, నేల మీది బరువును తొడల దాకా లేపి నిటారుగా నిలబడడం. ఈ మూడోదాన్ని డెడ్‌లిఫ్ట్ అంటారు. దానికి వేరే శిక్షకుడు జిల్లాలో లేకపోవడంతో రెండు ఆటలూ నేనే చూసేవాణ్ణి.

మా శిక్షణ హాలును అంతకుముందే ఆక్సిజన్ సిలిండర్లు, మంచాలు దాచే గోడౌనుగా మార్చారు. శిక్షకుల్ని టీకా కేంద్రాల దగ్గర క్యూలు చూసే డ్యూటీకి వేశారు. లిఫ్టర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు ఇళ్ల దగ్గరే సాధన చేసుకున్నారు. ఇసుక నింపిన బిందెలు, ట్రాక్టరు చక్రాలు, సిమెంటు పోసిన డబ్బాలు, ఇలా చాలా చూశాను ఆ పర్యటనలో. వాటన్నిటిలోకీ పద్ధతిగా ఉన్నది బిట్రగుంటలో సలోమి ఇంట్లోది.

సలోమి నా దగ్గర కాలేజీ రోజుల నుంచి నేర్చుకున్న అమ్మాయి. మనిషి పొడగరి కాదు. నడుము, తొడలు గట్టివి. మాట తక్కువ. ఆ ఏడాది ఒక ప్రభుత్వ సంస్థ క్రీడాకారుల కోటాలో ఉద్యోగాలు ఇవ్వబోతోంది. రాష్ట్ర పోటీలో మొదటి ముగ్గురిలో ఉంటే దరఖాస్తుకు అర్హత వస్తుంది. సలోమికి వయోపరిమితి ఆ ఏడాదితో దాటిపోతుంది. అప్పటికి ఆమె బోగోలు వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో పనిచేస్తోంది. చల్లటి గదిలో రోజంతా నిలబడి రొయ్యలు సైజువారీగా వేరు చేయించే పని. తల్లి లేదు. తండ్రి దావీదు రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. రైల్వే కాలనీకి ఆనుకుని చిన్న సొంత ఇల్లు కట్టుకున్నాడు.

నేను వెళ్లేసరికి దావీదు పెరట్లో నీళ్లు చల్లి, బార్ తుడిచి పెట్టి ఉన్నాడు. బార్ మా హాల్లో పాతబడితే పక్కన పెట్టేసింది, నేనే ఆమెకు ఎప్పుడో ఇప్పించింది. ప్లేట్లు మాత్రం ఆయన స్వయంగా చేసినవి. పాత ఇనుము కొట్లో మందమైన పలక దొరికితే గుండ్రంగా కోయించి, అంచులు నునుపు చేసి, నడుమ రంధ్రం తొలిచి, నల్ల రంగు వేశాడు. ఒక్కొక్కటి ఒకటిన్నర అంగుళం మందం. మీద తెల్ల రంగుతో బరువు రాశాడు.

"చూడండి సార్, ఇరవై అంటే ఇరవయ్యే. కాటా మీద పెట్టి చూసినాను. ఎక్కువైనకాడ అరగదీసినాను," అన్నాడు.

ఆ పనితనం చూసి నాకు ముచ్చటేసింది. పైకి అన్నాను కూడా. ఆ తర్వాత సలోమి బార్ దగ్గరికి వచ్చి నిలబడింది. అప్పుడు చూశాను. బార్ ఆమె చీలమండకు కాస్త పైన ఉంది. మోకాలికీ పాదానికీ సరిగ్గా నడుమ ఉండవలసినది.

ఇక్కడ ఒక సంగతి వివరించాలి. పోటీల్లో వాడే ఇరవై కిలోల ప్లేటు వ్యాసం నలభై ఐదు సెంటీమీటర్లు. అందువల్ల బార్ నడిమధ్య నేల నుంచి ఇరవై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అది ఏ దేశంలోనైనా ఒకటే. ఇళ్లలో వాడే ప్లేట్లు అలా ఉండవు. బరువు అంతే ఉన్నా అడ్డం చిన్నవి. దావీదుకు దొరికిన పలక మందమైనది కావడంతో ముప్ఫై సెంటీమీటర్లకే ఇరవై కిలోలు తూగింది. టేపు పెట్టి కొలిచాను. బార్ పదిహేను సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. అంటే పోటీలో కన్నా మూడంగుళాలు కిందికి. ఆ మూడంగుళాల కోసం మనిషి ఇంకా వంగాలి. తుంటి, మోకాళ్లు వంగగలిగినంత వంగాక మిగిలింది నడుము వంచి అందుకోవాలి. తేలికపాటి బరువుతో, ఎరిగి చేస్తే అదీ ఒక సాధనే. పెద్ద బరువుతో నెలల తరబడి చేస్తే నడుము దిగువ ఎముకల మధ్య ఉండే మెత్తటి బిళ్లల మీద భారం పడుతుంది.

ఇదంతా నేను దావీదుకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"బరువులో తేడా ఏమన్నా ఉండాదా సార్?" అని అడిగాడు.

లేదన్నాను.

"అయితే అడ్డం చూడాలన్నమాట," అన్నాడు, ప్లేటు అంచు మీద చెయ్యి వేసి.

పెరటి గోడ పక్కన పాత స్లీపరు చెక్కలు ఉన్నాయి, రైలు పట్టాల కింద ఒకప్పుడు వేసేవి. వాటి నుంచి కోసిన పలకలు రెండు తెచ్చి రెండు వైపులా ప్లేట్ల కింద పెట్టించాను. ఇంటి దగ్గర చేసేవాళ్లకు అదే సులువైన ఉపాయం. బార్ సరైన ఎత్తుకు వచ్చాక వంద కిలోలు ఎత్తమన్నాను. వంద చిటికెలో లేచింది. సలోమి మొహంలో ఆశ్చర్యం చూశాను. ఇంకా వేస్తానంది. నడుము నిటారుగా ఉంది, కదలిక శుభ్రంగా ఉంది, సరేనన్నాను. నూట ముప్ఫై కూడా లేచింది. అంతవరకు కిందినుంచి ఎత్తి ఎత్తి ఆమె అంత బలం సంపాదించింది. మా జిల్లాలో ఆ బరువు తరగతిలో ఆడపిల్లలెవరూ అంత ఎత్తగా నేను చూడలేదు. దావీదు చప్పట్లు కొట్టలేదు గాని గోడ మీది గుడ్డ తీసి అనవసరంగా చేతులు తుడుచుకున్నాడు. సలోమి నవ్వింది. ఆ అమ్మాయి నవ్వడం అరుదు.

నాకు మంచినీళ్లు తెస్తానని ఇంట్లోకి నడిచింది. ఎడమ కాలి చెప్పు గడప ఇవతల ఊడి పడిపోయింది. ఆమె ఆగలేదు, వెనక్కి చూడలేదు. చెప్పు ఊడిన సంగతే ఆమెకు తెలియలేదు.

నీళ్లు తాగి ఆమెను చాప మీద పడుకోమన్నాను. మోకాలు వంచకుండా ఎడమ కాలు పైకి లేపాను. కొంచెం లేపేసరికే పిక్క దాకా నొప్పి పాకిందని పళ్లు బిగించింది. బొటనవేలిని నా చేతికి ఎదురుగా పైకి లేపమంటే కుడిది లేచింది, ఎడమది సరిగా లేవలేదు. నేను డాక్టర్ని కాను. కానీ ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు ఆ గుర్తులు తెలుసు. నడుములో బిళ్ల జరిగి నరాన్ని నొక్కుతున్నప్పుడు కాలు అలా అవుతుంది.

ఎన్నాళ్లుగా అని అడిగాను.

"కొన్ని నెలల నుంచి తిమ్మిరిగా ఉండాది సార్. ఆ కోల్డు రూములో నిలబడి నిలబడి వచ్చింది అనుకున్నాను. మా యూనిట్లో అందరికీ నడుం నొప్పే," అంది.

తండ్రికి తెలియదు. ఆయన అక్కడే నిలబడి విన్నాడు.

నెల్లూరు వెళ్లి స్కాన్ తీయించమన్నాను. అప్పటిదాకా బార్ ముట్టుకోవద్దన్నాను. సలోమి చాప మీద కూర్చునే అడిగింది, పోటీకి పేరు రాస్తారు కదా అని. స్కాన్ వచ్చాక చూద్దామన్నాను.

"స్కాన్‌లో ఏం వచ్చినా ఈ ఒక్కసారికి పంపండి సార్. మీ కళ్ల ముందరే ఎత్తినాను గదా. ఈ ఒక్కటి అయిపోతే మళ్లీ జన్మలో దాని జోలికి పోను."

ఆ అమ్మాయి అడిగినదాంట్లో అన్యాయం ఏమీ లేదు. ఎత్తగలదని నేను చూశాను. ఉద్యోగం వస్తే రొయ్యల యూనిట్ మానేయొచ్చు. వచ్చే ఏడాది అన్నది ఆమెకు లేదు.

స్కాన్‌లో నేను అనుకున్నదే వచ్చింది. బిళ్ల బాగా జరిగి నరం మీద పడింది. ఆపరేషన్ లేకుండా విశ్రాంతితో, వ్యాయామంతో తగ్గే అవకాశం ఉందని, బరువు ఎత్తితే మాత్రం పాదం శాశ్వతంగా వేలాడిపోవచ్చని నెల్లూరు డాక్టర్ చెప్పాడు. పోవచ్చు అన్నాడు గాని పోతుందని అనలేదు. ఇంట్లో ఎత్తిన పద్ధతి వల్లేనా అని నేను ఫోనులో అడిగితే, దానివల్ల కావచ్చు, చల్లటి గదిలో నిలబడడం వల్ల కావచ్చు, రెండూ కలిసి కావచ్చు, విడదీసి చెప్పలేమన్నాడు.

జాబితా పంపే ముందు, ఆమెకు ఎదురుగానే చెప్పాలని మళ్లీ బిట్రగుంట వెళ్లాను. పెరట్లో ప్లేట్లు కొత్తగా ఉన్నాయి. దావీదు మందపాటి ప్లైవుడ్ తెచ్చి పెద్ద చక్రాలు కోసి, ఒక్కో ఇనుప ప్లేటునూ వాటి నడుమ బిగించాడు. వ్యాసం సరిగ్గా నలభై ఐదు. బార్ కింద టేపు పెట్టి నాకు చూపించాడు. ఇరవై రెండున్నర. స్కానుకు పోయి వచ్చిన రోజు నుంచి అదే పని మీద ఉన్నాడట.

"ఇప్పుడు సరిపోయింది గదా సార్," అన్నాడు.

సరిపోయిందన్నాను. ఆ తర్వాత సలోమి పేరు పంపడం లేదని చెప్పాను. ఆయన బార్ పక్కన కింద కూర్చున్నాడు.

"నేను చేసిన చక్రాల వల్లనేనా?"

డాక్టర్ చెప్పింది ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కారణం తేల్చి చెప్పలేమన్న మాట ఆయనకు ఊరట ఇవ్వలేదు. తేల్చి చెప్పి ఉంటే భరించేవాడేమో అని నాకు అనిపించింది.

సలోమి గుమ్మం లోపలే నిలబడి వింది. బతిమాలలేదు.

"నా కాలు సార్ అది. పోతే నాది పోతుంది. సంతకం మీది అని ఆపుతుండారా?" అని మాత్రం అడిగింది.

సంతకం కోసం కాదన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. టీ తాగి వెళ్లమని దావీదు అన్నాడు. ఆమె లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

రాష్ట్ర పోటీలో ఆమె బరువు తరగతిలో మూడో స్థానం వచ్చిన అమ్మాయి డెడ్‌లిఫ్ట్‌లో నూట ముప్ఫై కన్నా తక్కువే ఎత్తింది. మిగతా రెండింటిలోనూ సలోమి ఆమెకు తీసిపోదు. ఫలితాల కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ సంగతి దావీదుకు నేను చెప్పలేదు. ఎవరో చెప్పే ఉంటారు. ఆ తర్వాత కొన్ని నెలలకు నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభకు నా శిష్యులు చాలామంది వచ్చారు. వాళ్లలో సలోమి లేదు.

ఈ మధ్య కావలిలో ఒక పెళ్లిలో తండ్రీకూతుళ్లు ఇద్దరూ కనిపించారు. సలోమి తనే వచ్చి పలకరించింది. అదే యూనిట్‌లో సూపర్‌వైజరు అయిందట. నడక మామూలుగా ఉంది. కాలు ఎలా ఉందని అడిగాను.

"ఏడాదికంతా బాగైపోయింది సార్. తిమ్మిరి లేదు, నొప్పి లేదు." కాలి వైపు చూసుకుని, "అంత బాగైపోయేదే అయితే, ఆ రోజు పోయుంటే ఏమై ఉండేదో అనిపిస్తా ఉంటాది. మిమ్మల్ని అనడం లేదు సార్. అట్ట అనిపిస్తాది, అంతే," అంది.

దావీదు కలగజేసుకుని, సార్‌ను అన్నం తిననీయమని కూతుర్ని మందలించాడు. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. దావీదు చేసిన ఆ ఇనుప ప్లేట్లు ఏమయ్యాయో నేను అడగలేదు.

ఆ పర్యటన తర్వాత నేను అలవాటు మార్చుకున్నాను. ఇంటి దగ్గర డెడ్‌లిఫ్ట్ చేస్తున్నామని ఎవరైనా సలహా అడిగితే, ఎంత ఎత్తుతున్నారని ముందు అడగను. బార్‌ను నేల మీద పెట్టి పక్కనుంచి ఫొటో తీసి పంపమంటాను. చిన్న ప్లేట్లయితే ఎత్తు సరిపోయేదాకా కింద పలకలో, రబ్బరు చాపలో వేయమంటాను. రెండు వైపులా సమానంగా ఉండాలని, జారకూడదని చెబుతాను. ఇది నేర్పడం తేలిక.

రెండో పాఠం ఉద్యోగంలో చివరి ఏడాదికి గాని నాకు తెలియలేదు. దెబ్బ తగిలినవాణ్ణి చూపించి శిక్షకుడు పదిమందికి పాఠం చెప్పగలడు. తగలకుండా ఆపిన దెబ్బకు ఆనవాలు ఉండదు. ఆపినవాడి దగ్గర రుజువు ఉండదు, ఆగినవాళ్ల దగ్గర పోగొట్టుకున్నది మాత్రం ఉంటుంది. సలోమి పేరు ఆ జాబితాలో మళ్లీ రాయాల్సి వచ్చినా నేను రాయను. ఆమె చేత ఔననిపించగల మాట మాత్రం ఇప్పటికీ నా దగ్గర లేదు.