బల్ల చుట్టూ క్రాకోవ్

క్రాకోవ్ అనే ఊరికి నేనెప్పుడూ వెళ్ళలేదు. పోలండ్ దేశంలో ఉంది, చాలా పాత ఊరు, ఒకప్పుడు రాజులు ఏలిన ఊరు. ఎవరైనా అటువైపు వెళుతున్నామంటే చాలు, నా నోరు ఊరుకోదు. రైలు దిగాక నడిచే వెళ్ళండి, ఊరి పాత కోటగోడ ద్వారం కిందుగా లోపలికి పొండి, ఆ వీధి మిమ్మల్ని తిన్నగా ఊరి నడుమనున్న పెద్ద చౌకులో వదులుతుంది అని మొదలుపెడతాను. విన్నవాళ్ళు నేనేదో దేశాలు తిరిగిన మనిషిననుకుంటారు. నేను తిరిగింది మస్కట్‌లో ఒక ఫ్లాట్‌లోని హాలు.

కడప జిల్లా నుంచి ఇంటిపనికి ఒమన్ వచ్చిన ఆడవాళ్ళలో నేనొకదాన్ని. మొదట ఇబ్రిలో అరబ్బుల ఇంట్లో చేశాను. గోను తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడాది మస్కట్‌లోని దార్సైట్‌లో ఒక పోలండ్ ఇంజనీరు ఇంట్లో కుదిరాను. ఆయనకు పెళ్ళాం బిడ్డలు లేరు. ముసలి తల్లిని తెచ్చి పెట్టుకున్నాడు. ఆయన డ్యూటీకి పోయి వచ్చేదాకా ఆమెను కనిపెట్టుకుని ఉండటమే నా పని. గల్ఫ్‌లో ఇంటి పెద్దావిడను మామా అంటారు కాబట్టి నేనూ అలాగే పిలిచాను. మా వైపు మామ అంటే మీసాలుండాలి మామా అని ఒకసారి చెప్తే, ఆమె పైపెదవి తడుముకుని, నాకూ కొన్ని ఉన్నాయిలే అంది.

ఇంగ్లీషు నాకు వంటింటి మేరకు వచ్చు, ఆమెకు ఆసుపత్రి మేరకు వచ్చు. ఈ రెండూ కలిపి మేము రోజంతా మాట్లాడుకునేవాళ్ళం.

మామాకు మతిమరుపు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి ఉండేది కాదు. కొడుకును ఒక్కోసారి తన అన్న అనుకునేది. కానీ తను పుట్టి పెరిగిన క్రాకోవ్ మాత్రం ఆమెలో పదిలంగా ఉండింది. ఇప్పుడు అదీ అంచుల నుంచి చెరగడం మొదలైందని ఆమెకే తెలిసింది. అందుకే భయం. ఆ ఊళ్ళో, కోట ద్వారం దగ్గరున్న పాత ఇంట్లో ఆమె చెల్లెలు ఒక్కతే ఉంది. అక్క వస్తానంటే రానిమ్మంది, కానీ ఒక షరతు పెట్టింది. తనూ పెద్దదైపోయింది, ప్రతిదానికీ వెంట తిరిగే ఓపిక లేదు. అక్క ఒంటరిగా చర్చికి పోయి ఇల్లు చేరుకోగలగాలి. క్రిస్మస్ ముందు ఫోన్ చేసి మాట్లాడతాను, దారులు గుర్తుంటే పంపు, లేకపోతే ఆ ఎడారిలోనే ఉండనీ అని ఆమె కొడుక్కు, అంటే మా సార్‌కు, చెప్పిందట.

ఆ సంగతి తెలిసిన రోజే మామా నా చేయి పట్టుకుంది. "నేను చెప్తాను, నువ్వు నేర్చుకో. నేను మర్చిపోతే నాకు చెప్పు. నేను ఇంటికి పోవాలి" అంది.

ఆమె పోతే నా పని పోతుంది. పని పోతే వీసా పోతుంది. ఈ లెక్క నాకు తెలియక కాదు. కింది అంతస్తులో పనిచేసే గోదావరి జిల్లా అక్క, డాబా మీద బట్టలారేస్తూ నన్ను బాగా చీవాట్లు పెట్టింది.

"ఆవిడికి దారి నేర్పడం ఏంటే పిచ్చిమొహమా? ఆవిడ కాస్తా విమానం ఎక్కేసిందంటే నిన్నెవరు చూస్తారనుకున్నావ్? మీ సారు కాఫీ కాచుకోడానికి నిన్ను ఉంచుకుంటాడా ఏంటి?"

"ఏం జేద్దామక్కా. సెయ్యి పట్టుకోని అడుగుతాంటే కాదని ఎట్లనేది. ఇంటికి పోయేదానికే కదా మనం గూడా ఈడ పడుండేది."

అక్క దుప్పటి విదిలించి గట్టిగా ఆరేసింది.

మధ్యాహ్నాలు దార్సైట్ కొండలు పెనంలా కాలేవి. నేను పరదాలు దించి ఏసీ పెట్టేదాన్ని. చల్లగా, మసకగా అయిపోయిన ఆ హాల్లో మేము క్రాకోవ్ బయలుదేరేవాళ్ళం. పడకగది తలుపు కోట ద్వారం. అక్కడినుంచి వచ్చే సన్నటి నడవ రాజవీధి. హాలంతా చౌకు. నడుమ ఉన్న భోజనాల బల్ల బట్టల బజారు, పొడవాటి రాతి మండపం, లోపల అటూ ఇటూ అంగళ్ళు. కిటికీ దగ్గరి సోఫా ఎర్ర ఇటుకల పెద్ద చర్చి. దాని రెండు గోపురాల్లో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. సోఫా ముందు పూలమ్మే ఆడవాళ్ళు. మూలనున్న కుర్చీ ఒక చిన్న, చాలా పాత చర్చి. ఫ్రిజ్ గడియారపు బురుజు. బాల్కనీ కొండ మీది రాజుల కోట, దాని కింద నది, నది ఒడ్డున గుహ. ఆ గుహలో మంటలు కక్కే జంతువు ఉండేదట. గొర్రె కడుపులో గంధకం కూరి పెడితే అది మింగి, దాహానికి నది తాగి తాగి చచ్చిందట. ఈ కథ చెప్పినప్పుడల్లా మామాకు దాని మీద జాలి వేసేది.

చౌకులో నువ్వులద్దిన గుండ్రటి రొట్టెలు బండి మీద అమ్మేవారు. మేము చపాతీ ముక్కలు కొరుక్కుంటూ నడిచేవాళ్ళం. మంచు పడుతోంది, చెవులు కప్పుకో అనేది ఆమె. నేను చున్నీ కప్పుకునేదాన్ని. నిజంగానే చలి వేసేది. మంచు పడితే ఊరి చప్పుడంతా పోతుందట, మన అడుగులు మనకే వినపడవట. నేను మంచు చూసింది ఫ్రిజ్‌లోనే అయినా, ఆ మాట విన్నాక నా అడుగులు నాకు వినపడలేదు.

గంట గంటకూ పెద్ద చర్చి గోపురం మీదినుంచి బూర ఊదుతారని చెప్పింది. ఆ పాట సగంలో తెగిపోతుంది. ఎప్పుడో శత్రువులు వస్తున్నారని ఊదుతున్న కావలివాడి గొంతులో బాణం దిగిందట, ఇప్పటికీ అక్కడికే ఆపుతారట. దార్సైట్ మసీదు నుంచి అజాన్ వినపడగానే మామా వేలు పైకెత్తి నిలబడిపోయేది, ఎక్కడ తెగుతుందా అని. అది చివరిదాకా సాగితే ఆమె మొహం విచ్చుకునేది. "ఇవాళ బాణం తగల్లేదు" అనేది.

ఆమె మాట తప్పితే నేను అందించేదాన్ని. నేను తప్పితే ఆమె కసిరేది. పోనుపోను ఆమె కసరడం తగ్గింది, నేను అందించడం పెరిగింది. అయినా రోజూ తిరిగితే పేర్లు నిలబడ్డాయి.

చౌకులో నేను ఆమెను బల్ల మా కుడిచేతి వైపు ఉండేలా తిప్పేదాన్ని. పూలవాళ్ళు, చిన్న చర్చి, ఆ తర్వాత బురుజు. మొదట్లో నడవ దాటగానే ఆమె చేయి కుడికి లాగేది. తూలుతోందనుకుని నేను ఎడమకు సర్దేదాన్ని. శుక్రవారం సెలవు పూట కృష్ణుడి గుడిలో నా కాళ్ళు ఎటు తిరిగేవో ఇక్కడా అటే తిరిగాయి. నడుమ ఒకటుండి, దాని చుట్టూ తిరగాలంటే ఇంకో వైపు కూడా ఉంటుందని నా బుర్రకు తట్టనే లేదు.

క్రిస్మస్ ముందు చెల్లెలు ఫోన్ చేసింది. సార్ కంప్యూటర్ బల్ల మీద పెట్టి, గొంతు గదంతా వినపడేలా చేశాడు. మామా మంచి గౌను వేసుకుని, జుట్టు దువ్వించుకుని కూర్చుంది. నేను వంటింటి గడపలో నిలబడ్డాను. వాళ్ళ భాష నాకు రాదు. కానీ ఆ పేర్లు వచ్చు, వరుస వచ్చు. చెల్లెలు ఏదో అడిగింది. మామా మొదలుపెట్టింది. ద్వారం, వీధి, పెద్ద చర్చి, పూలవాళ్ళు, చిన్న చర్చి, బురుజు. ఒక్కటీ పోలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

సార్ నుదురు రుద్దుకున్నాడు.

ఏమైంది సార్ అన్నాను. చిన్నప్పుడు నాన్న కొట్టుకు అన్నం ఎలా తీసుకెళ్ళేవాళ్ళం అని పిన్ని అడిగిందని చెప్పాడు. కొట్టు బురుజు ఎదురుగా ఉండేది. చౌకులోకి రాగానే వాళ్ళు కుడికి తిరిగి నేరుగా బురుజు దగ్గరికి పోయేవాళ్ళు. వచ్చేటప్పుడు చిన్న చర్చి, పూలవాళ్ళ మీదుగా తిరిగొచ్చేవాళ్ళు. అమ్మ అంతా తలకిందులుగా చెప్తోంది అన్నాడు.

ఊరుకుంటే నా వీసా నిలబడుతుంది. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. కానీ మామా మంచి గౌనులో, పరీక్ష బాగా రాశానన్నట్టు మా ఇద్దరి మొహాలూ చూస్తోంది.

"తప్పు ఆమెది కాదు సార్. అలా తిప్పింది నేను. మా గుళ్ళో దేవుణ్ణి కుడివైపు పెట్టుకుని తిరుగుతాం. ఆమెను బురుజు వైపు నుంచి రమ్మని అడగండి" అన్నాను.

సార్ నా మొహం చూశాడు. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి చెల్లెలికి చెప్పాడు. ఆమె మళ్ళీ అడిగింది. మామా కళ్ళు మూసుకుంది. బల్ల మీద ఆమె వేలు కుడికి కదిలింది. బురుజు, చిన్న చర్చి, పూలవాళ్ళు, పెద్ద చర్చి, ద్వారం. చివర ఇంకేదో అంది. చెల్లెలు నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

"ఎటు తిరిగినా ఊరు అదే, కాకపోతే ఈ అమ్మాయి వైపు తిరిగితే పూలు ముందొస్తాయి అంటోంది" అన్నాడు సార్.

వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. సంతోషం ఎంత ఉందో గుబులూ అంతే ఉంది.

బయలుదేరే రోజు మామా నన్ను కూడా చెప్పులు వేసుకోమంది. నేనూ వస్తున్నాననే అనుకుంది. సార్ సూట్‌కేసు పట్టీ బిగిస్తూ తల వంచుకున్నాడు. మీరు పదండి మామా, వెనకాలే వస్తా అన్నాను. సరేనని తలూపి లిఫ్ట్ ఎక్కింది.

సార్ మంచివాడు. తిరిగొచ్చాక అదే బిల్డింగ్‌లో ఇంకో ఇంట్లో చెప్పి నన్ను మార్పించాడు. చలికాలం పోయాక ఒక శుక్రవారం నన్ను పైకి పిలిచాడు. అమ్మ లైన్‌లో ఉంది, మాట్లాడు అన్నాడు. రోజూ ఒంటరిగా చర్చికి పోయి వస్తోందట. చెల్లెలు కిటికీలోంచి చూడటం కూడా మానేసిందట.

మామా అన్నాను. ఎవరు అంది. పేరు చెప్పాను. మర్యాదగా, కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు, ఎక్కడినుంచి అని అడిగింది. మస్కట్ అన్నాను.

"మా ఊరు ఎప్పుడైనా చూశావా?"

"లేదు మామా."

అయితే విను అని మొదలుపెట్టింది. ద్వారం, వీధి, చౌకు. ఎక్కడా తడబడలేదు, నేను అందించాల్సిన అవసరమే రాలేదు. కొత్తదానిలా ఊఁ కొడుతూ విన్నాను. నది దాకా తీసుకెళ్ళి ఆగింది.

"పెద్ద ఊరే, కానీ భయపడకు" అంది. "మస్కట్‌లో ఒకామె ఉంది. మా ఊరంతా ఆమెకు తెలుసు. ఆమెను అడుగు, చెయ్యి పట్టుకుని తిప్పుతుంది."

సరే మామా, అడుగుతా అన్నాను.